లెక్కల క్లాసులో లెంపలు

నాకు పిల్లలంటే భయం. లెక్కల టీచరు కావాలని బయల్దేరిన మనిషి అనాల్సిన మాట కాదు గానీ, ఉన్నమాట అది. తెనాలిలో చదువుకున్నన్నాళ్ళూ మేష్టార్లంటే భయపడ్డాను. ఇప్పుడు ఇంగ్లండులోని రీడింగ్‌లో పిల్లలంటే భయపడుతున్నాను. ఈ రెండు భయాలకీ మధ్య ధైర్యంగా ఉన్న కాలం కూడా కొంత ఉండే ఉంటుంది. అది ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు.

ఇక్కడ బడిలో టీచరుగా చేరాలంటే ముందు ఏడాదిపాటు శిక్షణ ఉంటుంది. వారంలో ఎక్కువ రోజులు వాళ్ళు పంపిన బడిలో పాఠం చెప్పాలి, మిగిలిన రోజు యూనివర్సిటీకి వెళ్ళి మనం పాఠం వినాలి. బడిలో మన బాగోగులు చూడ్డానికి ఒక సీనియర్ టీచరుంటుంది, ఆమెను మెంటర్ అంటారు. ఆమె సరేనంటేనే చివర్లో సర్టిఫికెట్టు. మా ఆయన ఐటీ కాంట్రాక్టు వెంట ఇక్కడికి రాకముందు నేను గుంటూరులో ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. అక్కడ గది నిండా పిల్లలు కూర్చున్నా ఫ్యాను చప్పుడు వినిపించేది. ఇక్కడ ముప్ఫై మంది కూడా ఉండరు. అయినా పొద్దున్నే బస్సెక్కిన దగ్గర్నుంచీ ఆ రోజు చెప్పాల్సిన పాఠం నాలో నేను ఒప్పజెప్పుకునేదాన్ని.

వాళ్ళు చెడ్డపిల్లలేం కాదు. ఇయర్ ఎయిట్ వాళ్ళు, పన్నెండు పదమూడేళ్ళ వాళ్ళు. "మార్నింగ్, మిస్" అంటారు, నా చేతిలో పుస్తకాలుంటే తలుపు పట్టుకుని నిలబడతారు. కానీ బోర్డు మీద లెక్క వేసి ప్రశ్న అడిగితే ఒక్కరు కూడా నోరు విప్పరు. ఇటు తిరిగి చూస్తే అందరూ నన్నే చూస్తూ ఉంటారు. వాళ్ళు చూసేది నా ఇంగ్లీషునా, కార్డిగన్ కింద నా చుడీదారునా, బోర్డు మీది లెక్కనా? గుంటూరు పిల్లలు నోరెత్తకపోతే అది భయమని నాకు తెలుసు. వీళ్ళు నోరెత్తకపోతే భయపడేది నేను.

మా మెంటర్ అరవైకి దగ్గరపడిన మనిషి. పొట్టి జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన టీ. వెనక బల్ల దగ్గర కూర్చుని నా పాఠం చూసి, అయ్యాక మెల్లగా చెప్పేది. "నీకు లెక్కలు బాగా వచ్చు. వాళ్ళకి తప్పు చెప్తే పరువు పోతుందని భయం. ముందు ఆ భయం తీసే దారి చూడు" అంది ఒకరోజు. సరేనని తలూపాను. భయం తీసే పని ఈ ఊళ్ళో ఇంకెవరూ దొరకనట్టు నాకే అప్పజెప్పింది.

యూనివర్సిటీలో మాకొక పేపరుండేది. గ్రీకుల కాలం నుంచి ఇప్పటిదాకా యూరప్‌లో, ఆ చుట్టుపక్కల, చదువు గురించి ఎవరెవరు ఏమేమనుకున్నారన్నది దాని విషయం. దాని మీద పెద్ద వ్యాసం రాయాలి. తక్కినవాళ్ళు ఆట, ప్రకృతి, స్వేచ్ఛ లాంటి అందమైన విషయాలు ఎంచుకున్నారు. నేను చదువులో భయం అన్నదాన్ని తీసుకున్నాను. తెలిసిన విషయం కదా, పుస్తకాలు తక్కువ తిరగెయ్యొచ్చనుకున్నాను.

ఆ వ్యాసం కోసం చదువుతున్న రోజుల్లోనే బోర్డు మీద తప్పు చేశాను. సమీకరణంలో ఒక పదాన్ని అటునుంచి ఇటు తెచ్చేటప్పుడు మైనస్ గుర్తు వదిలేశాను. నాలుగు వరసలు కిందికి వెళ్ళాక చూసుకున్నాను. మార్కర్ బల్ల మీద పెట్టి, ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా, రెండు అరచేతులతో రెండు చెంపలూ టపటపా తట్టుకున్నాను.

మనకిది మామూలే. దేవుడి పటానికి కాలు తగిలినా, పెద్దల మీద నోరు జారినా, అనకూడని మాట అన్నా చేతులు వాటంతట అవే చెంపల మీదికి పోతాయి. లెంపలేసుకోవడం మనకెవరూ ప్రత్యేకంగా నేర్పరు. నడక వచ్చినట్టే అదీ వచ్చేస్తుంది. నాకైతే మా లెక్కల మేష్టారి దయవల్ల ఇంకాస్త గట్టిగా వచ్చింది.

క్లాసంతా ఒక్క క్షణం బిగుసుకుపోయి, తర్వాత పకపకా నవ్వింది. ముందు వరసలో ఒక పిల్ల అడిగింది, "మిస్, అదేంటి?"

దాచడం నా వల్ల కాలేదు. "మా ఊళ్ళో తప్పు చేస్తే అలా చేస్తాం. ఎదుటివాళ్ళు అనేలోపే మనమే ఒప్పేసుకున్నట్టు" అన్నాను.

మర్నాడు ఒక కుర్రాడు లెక్క తప్పు చెప్పి, నావైపు చూసి, రెండు చెంపలూ తట్టుకున్నాడు. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. ఆ తర్వాత ఇంకో అమ్మాయి. ఆ వారం గడిచేసరికి మా క్లాసులో చేతులు లేవడం మొదలైంది. తప్పు చెప్పినా పోయేదేం లేదు, చెంప తట్టుకుంటే తీరిపోతుంది. ఎప్పుడూ గొంతు వినిపించని పిల్లలు అరిచి మరీ జవాబులు చెప్తున్నారు. మెంటర్ ఆ రోజుల్లో వేరే క్లాసుల్లో ఉండి చూడ్డానికి రాలేదు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంటికెళ్ళి మా ఆయనతో, "నా క్లాసు దార్లో పడిందండీ" అని కూడా అన్నాను.

కిటికీ పక్కన చివరి వరసలో ఒక పిల్ల కూర్చునేది. యూనిఫాం స్వెట్టర్, ఇక్కడ జంపర్ అంటారు, దాని చేతుల్ని వేళ్ళ చివరిదాకా లాక్కుని, ఆ కొసలు గుప్పిట్లో పట్టుకుని ఉండేది. హోంవర్కు అంతా కరెక్టుగా చేసేది గానీ నోరు తెరిచేది కాదు. అందరూ మాట్లాడుతున్నారు కదా అన్న ఉత్సాహంలో ఒకరోజు ఆమెను పేరుపెట్టి పిలిచాను. లేచి జవాబు చెప్పింది. తప్పు. చిన్న తప్పే. నేను "పర్వాలేదు" అనేలోపే కొట్టుకుంది.

అది తట్టడం కాదు, కొట్టుకోవడమే. ఆ చప్పుడుకి ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగారు. ఇంకోటి. ఇంకోటి. మొహంలో ఏ కదలికా లేదు, కళ్ళు బల్ల మీదే ఉన్నాయి. "ఆపు" అనాలి. ఇంగ్లీషులో ఆ చిన్న మాట నాకు దొరకలేదు. పక్కనున్న పిల్ల ఆమె మణికట్టు పట్టుకుంది. అప్పుడు ఆగింది. ఒక చెంప ఎర్రగా కందిపోయి ఉంది. "సారీ, మిస్" అని చెప్పి కూర్చుంది. ఎవరూ నవ్వలేదు.

గంట కొట్టగానే పరిగెత్తి మెంటర్‌కి చెప్పాను. ఆమె కప్పు కింద పెట్టి, "ఇప్పుడే డిప్యూటీ హెడ్‌కి చెప్పాలి" అంది. హెడ్మాస్టరు తర్వాతివాడు, పిల్లల రక్షణ వ్యవహారాలు చూసేది ఆయనే. మేం వెళ్ళేలోపే ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఎవరో పిల్లవాడు ఫోన్లో ఇంటికి మెసేజ్ పెట్టాడట, వాళ్ళమ్మ బడికి ఫోన్ చేసిందట. కొత్తగా వచ్చిన టీచరు తప్పు చెప్పిన పిల్లల చేత వాళ్ళ చెంపలు వాళ్ళే కొట్టుకునేలా చేస్తోందని ఫిర్యాదు.

ఆయన గొంతు పెంచలేదు. కుర్చీ చూపించాడు, నీళ్ళు కావాలా అన్నాడు. విచారణ అయ్యేదాకా బడికి రావద్దన్నాడు. యూనివర్సిటీకి కూడా తెలియజేస్తామన్నాడు. "ఇది శిక్ష కాదు. ఎవరి తప్పూ తేల్చకుండా తీసుకునే చర్య మాత్రమే" అన్నాడు. తర్వాత చెయ్యి చాచాడు. కరచాలనం కోసం అనుకుని నేనూ చెయ్యిచ్చాను. ఆయనకి కావలసింది నా మెడలో ఉన్న బడి గుర్తింపు కార్డు. కంగారుగా తీస్తుంటే ఆ తాడు చెవి దుద్దుకి చిక్కుకుంది.

ఒక్క మాట తప్పుగా తేలితే ఈ దేశంలో మళ్ళీ పిల్లలున్న గదిలో అడుగు పెట్టనివ్వరు. ఇంటికెళ్ళే బస్సులో నాకు ఆ ఒక్క విషయమే అర్థమైంది.

మా ఆయన అంతా విని లాప్‌టాప్ మూసేశాడు. తర్వాత అడిగాడు.

"నువ్వు కొట్టుకోమన్నావా?"

"లేదండీ. నేను లెంపలేసుకున్నా. వాళ్ళు చూసి వాళ్ళే మొదలెట్టారు."

"వాళ్ళే మొదలెట్టారు అని మాత్రం అక్కడ అనమాకు. ఇంకా అనుమానపడతారు."

"ఉన్నమాట అదేగా."

"ఉన్నమాటకి ఇక్కడ ప్రాసెస్ ఉంటది. అడిగినదానికి అడిగినంతే చెప్పు. మధ్యలో మన ఊరూ, మన దేవుడూ తీసుకురామాక." అని లేచి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. "వెంబ్లీలో ఎవరింటికో సోషల్ సర్వీసెస్ వాళ్ళొచ్చి పిల్లలతో విడిగా మాట్లాడారంట. వాట్సాప్ గ్రూపులో పెట్టారు."

సోషల్ సర్వీసెస్ అంటే అవసరమనుకుంటే పిల్లల్ని ఇంట్లోంచి తీసుకెళ్ళగలిగే సర్కారువాళ్ళు. ఎవరింటికి, ఎందుకు అంటే ఆయనకీ తెలియదు. ఆ గ్రూపులో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం అన్నం సహించలేదు.

పొద్దున్నే మా అమ్మాయి బడికి వెళ్ళే ముందు వంటింటి అలమరలో ఉన్న దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది. తొమ్మిదేళ్ళది. కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుని, చివర్లో రెండు చెంపలూ తట్టుకుంటుంది. ఆ రోజు దాని చేతులు లేవగానే గభాల్న పట్టుకున్నాను.

"వద్దమ్మా. బడిలో గానీ, ఇంట్లో గానీ, ఎక్కడా అలా చెయ్యొద్దు."

"బట్ యూ టాట్ మీ, అమ్మా," అంది, నేర్పింది నువ్వేగా అని.

నా గొంతు విని అదీ భయపడింది. భయం అంటించడానికి బెత్తం అక్కర్లేదు.

బడి లేదు, వ్యాసం ఉంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదివాను. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతూ, మోగకపోతే ఇంకా భయపడుతూ చదివాను. మామూలు రోజుల్లో అయితే పరీక్ష కోసం చదివినట్టు చదివేసేదాన్ని. అప్పుడు మాత్రం ఒక్కొక్కరినీ పట్టుకుని, నా సంగతి ఏం చెప్తారని నిలదీస్తున్నట్టు చదివాను.

ఏథెన్స్ వీధుల్లో కనబడినవాణ్ణల్లా ప్రశ్నలు అడిగిన ముసలాయన ఉన్నాడు. జవాబులు తను చెప్పకుండా ఎదుటివాళ్ళ చేతే చెప్పించేవాడు. పిల్లల్ని చెడగొడుతున్నాడని ఆయన మీద ఫిర్యాదు వచ్చింది, విచారణ జరిగింది, విషం ఇచ్చారు. టీచర్ల మీద ఫిర్యాదుల చరిత్ర అక్కడ మొదలైందన్నమాట. నేను పుస్తకం మూసి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను.

రోములో ఒకాయన, పిల్లల్ని కొట్టడం తప్పని అంత పాతకాలంలోనే రాశాడు. దెబ్బ సిగ్గు నేర్పుతుంది గానీ పాఠం నేర్పదని ఆయన బాధ. వెంటనే ఎవరూ విన్నట్టు లేదు. తర్వాత ఆఫ్రికా ఒడ్డునుంచి వచ్చిన ఒక క్రైస్తవ సాధువు తన చిన్నతనం గురించి రాసుకున్నాడు. బడిలో దెబ్బలు పడకుండా చూడు దేవుడా అని మొక్కుకునేవాడట. దేవుడు వినేవాడు కాదు. ఆ దెబ్బలు చూసి ఇంట్లో పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళట. దాని దగ్గర నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ పిల్లవాడు తెనాలిలో మా బెంచీలో కూర్చున్నాడనిపించింది.

ఎందుకంటే మేమూ మొక్కుకున్నాం. మా లెక్కల మేష్టారు బెత్తం వాడేవారు కాదు, తనకు ఓపిక లేదనేవారు. ప్రశ్న వరసలో అడుగుతూ వెళ్ళేవారు. ఎవరు సరైన జవాబు చెప్తే వాళ్ళు వెనక్కి వెళ్ళి, చెప్పలేనివాళ్ళ ముక్కు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో చెంప వాయించాలి. మెల్లగా కొడితే ఎలా కొట్టాలో ఆయనే కొట్టి చూపించేవారు. నా ముక్కు ఎక్కువసార్లు పట్టుకున్నది నా పక్కన కూర్చునే స్నేహితురాలే. దానికి చేతులు చల్లగా ఉండేవి. కొట్టే ముందు దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, అయినా గట్టిగానే కొట్టేది. సాయంత్రం ఇద్దరం కలిసే ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఇంతకాలం అది మన ఊళ్ళ మొరటుతనం అనుకున్నాను. ఇక్కడివాళ్ళకి చెప్పుకోవడానికి సిగ్గుపడేదాన్ని.

ఆ సిగ్గులో ఉండగా మద్రాసు ఎదురైంది. రెండు వందల ఏళ్ళకు పైగా కిందట ఒక మతగురువు మద్రాసులో అనాథ పిల్లల బడి నడిపాడు. అక్కడి అరుగు బళ్ళలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్దపిల్లలు చిన్నపిల్లలకి పాఠం చెప్పడం చూసి ముచ్చటపడ్డాడు. ఆ పద్ధతి ఇంగ్లండు తెచ్చాడు. అలాంటి పద్ధతే పట్టిన ఇంకో ఆయన లండన్‌లో ఒకే హాల్లో వందలమంది పిల్లల్ని కూర్చోబెట్టి, పిల్లల చేత పిల్లలకి చదువు చెప్పించాడు. ఆయనకి బెత్తం అంటే అసహ్యం, మంచి మనిషి. అందుకని బెత్తం తీసేసి, తప్పు చేసిన పిల్లవాణ్ణి బుట్టలో పెట్టి పైకప్పుకి వేలాడదీయించేవాడు. కింద తోటిపిల్లలు చూసి నవ్వాలి.

మా మేష్టారు, ఆ మంచి మనిషి ఇద్దరూ ఒకటే పని చేశారు. చెయ్యి తమది కాకుండా చూసుకున్నారు.

అక్కణ్ణుంచి ముందుకు చదవడం నాకు భయమేసింది గానీ చదివాను. పిల్లల మనసు తెల్లకాగితం అన్న ఇంగ్లీషాయన, దెబ్బలు తగ్గించి మెప్పునూ సిగ్గునూ వాడమన్నాడు. పరువు పోతుందన్న భయం ఒకసారి నాటితే చాలు, తక్కినదంతా పిల్లవాడే చూసుకుంటాడని ఆయన ధీమా. పిల్లల్ని ప్రకృతికి వదిలేయమని అద్భుతంగా రాసిన మహానుభావుడు సొంతపిల్లల్ని అనాథాశ్రమానికి వదిలేశాడు. ఆయన మీద నేను కోపంతో మూడు పేజీలు రాసి, తర్వాత కొట్టేశాను. పిల్లల్ని ప్రేమతో దగ్గరకు తీసినవాళ్ళు, మొక్కల్లా పెంచమన్నవాళ్ళు, వాళ్ళ ఎత్తుకి తగ్గ కుర్చీలు చేయించినవాళ్ళు తర్వాత వచ్చారు. వాళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ ఇన్నాళ్ళ కథలో గురువు చేతిలోని బెత్తం ఎటు పోయిందన్నదే నా భయం. అది విరిగిపోయిందని అందరూ సంతోషించారు. కిటికీ పక్క పిల్ల చేతులు నాకు కళ్ళముందు కదులుతున్నాయి.

మీటింగు రోజున డిప్యూటీ హెడ్, మెంటర్, యూనివర్సిటీ నుంచి వచ్చిన ట్యూటరు ఒక వరసలో కూర్చున్నారు. ఎదురుగా నేను. మా ఆయన చెప్పినట్టు అడిగినదానికి అడిగినంతే చెప్పాలని వెళ్ళాను.

"పిల్లల్ని ఎప్పుడైనా అలా చెయ్యమని చెప్పారా?"

"లేదు."

"వాళ్ళు చేస్తుంటే ఆపారా?"

"లేదు. సంతోషించాను" అన్నాను. మా ఆయన వింటే తల పట్టుకునేవాడు.

డిప్యూటీ హెడ్ రాసుకుని తలెత్తాడు. "మీకు అభ్యంతరం లేకపోతే ఆ చేతుల కదలిక ఎలా ఉంటుందో ఒకసారి చూపించగలరా? మాకు అర్థం కావాలి."

చూపించడానికే చేతులెత్తాను. మెల్లగా తట్టి, ఇంతేనండీ అని నవ్వాలన్నది నా ఉద్దేశం. కానీ ముగ్గురు పెద్దవాళ్ళు ఎదురుగా వరసలో కూర్చుని చూస్తున్నారు. నా చేతులు ఆ గదిలో లేవు, తెనాలిలో ఉన్నాయి. గట్టిగా తగిలింది. ఆగాల్సిన చోట ఆగలేదు. మెంటర్ లేచొచ్చి నా రెండు చేతులూ పట్టుకునేదాకా నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు.

మెంటర్ నా చేతులు వదలకుండానే పక్కన కూర్చుంది. "చిన్నప్పుడు బడిలో నన్ను జిమ్ షూతో కొట్టేవాళ్ళు. ఇక్కడికి పది మైళ్ళ దూరంలో. అప్పుడది మామూలే" అంది. ఈ తెల్లావిడని చెప్పుతో కొట్టారా అని నా భయంలో కూడా నాకు ఆశ్చర్యం వేసింది.

డిప్యూటీ హెడ్ కాగితాలు మూసేశాడు. ఆయన గొంతు మారింది. "ఆ అమ్మాయితో మాట్లాడాం. వాళ్ళ తల్లిదండ్రుల అనుమతితో మీకు కొంత చెప్తున్నాను. తనకిది మీ దగ్గర అలవాటైంది కాదు. రెండేళ్ళుగా చేస్తోంది. హోంవర్కులో తప్పొస్తే గదిలో తలుపేసుకుని కొట్టుకుంటోంది. ఇంట్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అనరు, చాలా మంచివాళ్ళు. వాళ్ళకే తెలియదు. మీ క్లాసులో అందరూ చేస్తున్నారు కాబట్టి, ఇక్కడైతే కనబడినా పర్వాలేదనుకున్నానంది."

నేను మెంటర్ పట్టుకున్న నా చేతులకేసి చూసుకున్నాను.

"ఇప్పుడు ఆమెకు సాయం అందుతోంది. మీ మీద చర్య ఏమీ ఉండదు. సోమవారం నుంచి రావచ్చు. కానీ ఆ అలవాటు మాత్రం క్లాసులో ఇక వద్దు" అని కార్డు నా ముందు పెట్టాడు.

బతికిపోయాననుకోవాలి. ఇంటికెళ్ళి చెప్తే మా ఆయన "హమ్మయ్య" అని సోఫాలో కూలబడ్డాడు. నాకు మాత్రం ఆ హమ్మయ్య రాలేదు. ఆ పిల్లకి మేష్టారు లేరు, ముక్కు పట్టుకునే స్నేహితురాలు లేదు, నవ్వే పెద్దవాళ్ళు లేరు. ఎవ్వరూ ఒక్క మాట అనని ఇంట్లో తలుపేసుకుని తన మేష్టారు తనే అయింది. నన్ను కొట్టినవాళ్ళు ఎవరో నేను వేలు పెట్టి చూపించగలను. తను ఎవర్ని చూపిస్తుంది?

సోమవారం క్లాసులోకి వెళ్ళేటప్పుడు మొదటిరోజుకన్నా ఎక్కువ భయపడ్డాను. వాళ్ళకి ముందే చెప్పి ఉంచారు. ఇక్కడ చెంపలు తట్టుకోవడం ఇక ఉండదని నేనూ చెప్పాను. చేతులు మళ్ళీ బల్లల మీదికి దిగిపోయాయి. జవాబులు మళ్ళీ తగ్గాయి. కిటికీ పక్క పిల్ల తన చోటనే ఉంది, జంపర్ కొసలు గుప్పిట్లో ఉన్నాయి. నేనామె పేరు పిలవలేదు.

ఆ గంట సగం గడిచాక మళ్ళీ తప్పు చేశాను. కావాలని చేసింది కాదు, అంత తెలివి నాకు లేదు. బ్రాకెట్ విప్పేటప్పుడు గుర్తు మార్చడం మర్చిపోయాను. చూసుకోగానే చేతులు లేచాయి. సగం దూరం వచ్చేశాయి కూడా. అప్పుడు నా కళ్ళు కిటికీ వైపు వెళ్ళాయి. ఆ పిల్ల జంపర్‌లోంచి చేతులు బయటికి తీసి, బల్ల అంచుని రెండు చేతులా పట్టుకుని, నా మొహం కాదు, నా చేతులే చూస్తోంది.

మార్కర్‌ని రెండు చేతులతో పట్టుకున్నాను. "తప్పు రాశాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఎక్కడుందో చూద్దాం." ఆ వరస తుడిచి మళ్ళీ రాశాను. చెంపలు మండుతున్నట్టే ఉన్నాయి, ఎవరూ ముట్టుకోకుండానే.

గంట కొట్టాక అందరూ వెళ్ళిపోతుంటే ఆ పిల్ల సంచీ భుజాన వేసుకుని నా బల్ల దగ్గర ఆగింది.

"మిస్, మీకు ఇంకా అనిపిస్తోందా?"

లేదని చెప్పాలి. పెద్దదాన్ని, టీచర్ని. "అనిపిస్తోంది" అన్నాను.

"ఇప్పుడు ఏం చేశారు?"

"మార్కర్ పట్టుకున్నాను."

భుజం మీద సంచీ సర్దుకుంది. "నేను బల్ల పట్టుకున్నాను" అని చెప్పి వెళ్ళిపోయింది.

జరిగింది వెంటనే మెంటర్‌కి చెప్పాలనుకుంటూ బోర్డు తుడిచాను. అప్పటికే తర్వాతి క్లాసు పిల్లలు తలుపు బయట వరసలో నిలబడి ఉన్నారు. ఇదివరకు వాళ్ళ మొహాలు చూడ్డానికి భయపడేదాన్ని. ఒక్కొక్కరే లోపలికి వస్తుంటే, ఆ రోజు వాళ్ళ చేతులు చూశాను. కొన్ని జేబుల్లో ఉన్నాయి. కొన్ని జంపర్ కొసల్లో ఉన్నాయి.